ట్రాన్స్ పురుషుల టెస్టోస్టిరాన్ చికిత్స: మొదలుపెట్టే ముందు నుంచి అయిదో ఏడు వరకు ఎలా నడుచుకోవాలి

పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, తాను పురుషుడినని ఎరిగిన వ్యక్తి టెస్టోస్టిరాన్ వాడాలని నిశ్చయించుకున్నప్పుడు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: గడ్డం ఎన్ని నెలలకు వస్తుంది? దానికి జవాబు ఈ వ్యాసంలో ఉంది గానీ, కాస్త దూరం చదివాక వస్తుంది. అంతకు ముందే తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు, సమయం దాటిపోయాక చేసుకోవడం చాలా కష్టమయ్యేవి. ఈ మార్గదర్శిని పద్దెనిమిదేళ్లు నిండి, సొంతంగా సమ్మతి తెలపగలిగిన వారిని ఉద్దేశించి రాసినది. ఇందులో కనిపించే మోతాదుల అంకెలు మీ డాక్టర్ రాసిన చీటీని మీరు అర్థం చేసుకోవడానికి ఇచ్చినవే తప్ప, మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోవడానికి ఇచ్చినవి కావు.

ముందుగా ఎవరిని కలవాలి

హార్మోన్ల సంగతి చూసే వైద్యులు ఎండోక్రినాలజిస్టులు. మన ఊళ్లలో షుగరు, థైరాయిడ్ డాక్టర్లుగా పేరుపడిన వారు వీరే. ట్రాన్స్ వ్యక్తులకు చికిత్స చేసిన అనుభవం ఉంటే జనరల్ ఫిజీషియన్ గానీ గైనకాలజిస్టు గానీ కూడా ఈ చికిత్సను నడిపించగలరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే, ట్రాన్స్ పురుషులకు హార్మోన్ చికిత్స ఇస్తున్నారా అని ఫోనులో నేరుగా అడగడం మంచిది. గంటసేపు బయట కూర్చుని, లోపలికి వెళ్లాక లేదనిపించుకోవడం కన్నా అదే మేలు.

హైదరాబాదులోని నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ ప్రారంభమైంది. ట్రాన్స్‌జెండర్ సమాజానికి చెందినవారే నడిపే ఆ వైద్యశాల అమెరికా ప్రభుత్వ సహాయంతో పనిచేసేది. 2025 ఆరంభంలో ఆ సహాయం నిలిచిపోవడంతో మూతపడి, అదే ఏడాది టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ అన్న కొత్త పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఈ సంగతి చెప్పడానికి కారణం ఒకటుంది. మీరు నమ్ముకున్న వైద్యశాల ఏ కారణం చేతనైనా ఆగిపోవచ్చు, మీ డాక్టర్ బదిలీ కావచ్చు. అందువల్ల మొదటి రోజు నుంచే ప్రతి చీటీకీ, ప్రతి ల్యాబు రిపోర్టుకీ నకలు తీసి, మందు పేరు, మోతాదు, వేసుకున్న తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం చేతిలో ఉంటే విజయవాడలో మొదలైన చికిత్సను బెంగళూరులోని డాక్టర్ మరుసటి వారమే కొనసాగించగలుగుతారు. లేకపోతే అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుంది.

మన దేశంలో చాలామంది ఎండోక్రినాలజిస్టులు మందు రాసే ముందు మానసిక వైద్యుడు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చిన లేఖ అడుగుతారు. ఆ లేఖ మీకు పిచ్చి లేదని ధ్రువీకరించే కాగితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో, పుట్టినప్పుడు నమోదైన లింగానికీ లోపలి లింగభావనకూ పొంతన లేకపోవడాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసివేసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చారు. సైకాలజిస్టు చూసేది మీ లింగభావన నిలకడగా ఉన్నదా, చికిత్స ఫలితాలేమిటో మీకు తెలుసా, తీవ్రమైన కుంగుబాటు వంటిది ఏదైనా ఉంటే దానికి తగిన తోడు అందుతున్నదా అన్నవే. కుంగుబాటు ఉన్నంత మాత్రాన హార్మోన్లు నిరాకరించవలసిన పని లేదు. ఎవరైనా మిమ్మల్ని ‘మార్చి’ మళ్లీ ఆడపిల్లగా చేస్తామంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి: అటువంటి చికిత్సను వైద్యవృత్తికి తగని నడవడిగా నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది.

మందుకు ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముందు పిల్లల సంగతి. టెస్టోస్టిరాన్ వాడుతున్నంత కాలం అండాల విడుదల సాధారణంగా మందగిస్తుంది. మందు ఆపిన తరువాత గర్భం దాల్చి బిడ్డను కన్న ట్రాన్స్ పురుషులు ఉన్నారు కాబట్టి సంతానశక్తి పూర్తిగా పోతుందని చెప్పలేము, తప్పక తిరిగి వస్తుందనీ హామీ ఇవ్వలేము. ఎప్పటికైనా సొంత రక్తసంబంధంతో బిడ్డ కావాలన్న ఆలోచన లవలేశమైనా ఉంటే, మందు మొదలుపెట్టక ముందే అండాలు తీసి గడ్డకట్టించి దాచుకునే విషయం ఫెర్టిలిటీ కేంద్రంలో మాట్లాడండి. దానికి దాదాపు రెండు వారాల పాటు వేరే హార్మోన్ ఇంజెక్షన్లు, లోపలి నుంచి స్కానింగులు, మత్తు ఇచ్చి అండాలు తీయడం అవసరమవుతాయి. ఖర్చుతో పాటు, తనను మగవాడిగా ఎరిగిన మనిషికి మనసులో కలిగే ఇబ్బంది కూడా తక్కువేమీ కాదు. 2021 నాటి సహాయక సంతానోత్పత్తి చట్టం అండాలను పదేళ్ల వరకు నిల్వ ఉంచనిస్తుంది. అయితే ఆ సేవలను వివాహిత దంపతులకూ, ఇరవై ఒక్క ఏళ్లు దాటిన స్త్రీకీ అన్న మాటల్లోనే ఆ చట్టం చెప్పింది. మీ కాగితాల్లో లింగం పురుషుడిగా మారాక ఆ అండాలను ఎలా వాడుకోనిస్తారో డబ్బు కట్టక ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

రెండోది, ఏ మార్పులు శాశ్వతమో మనసుకు పట్టించుకోవడం. గొంతు బొంగురుపోయి దిగడం, గడ్డం మీసాలు, యోనిశీర్షం (క్లిటోరిస్) పెరగడం, వంశంలో ఉంటే బట్టతల, ఇవి మందు మానేసినా వెనక్కి పోవు. నెలసరి ఆగడం, కొవ్వు చేరే చోటు మారడం, కండ బలం, చర్మం జిడ్డు, ఇవి మందు మానితే చాలావరకు పాత స్థితికి వస్తాయి. మీకు మొదటి రకంలో ఏదైనా ఒకటి వద్దనిపిస్తే, అది తప్ప మిగతావి కావాలని ఎంచుకునే వీలు ఈ మందులో లేదు. తక్కువ మోతాదుతో నెమ్మదిగా వెళ్లవచ్చు గానీ, ఏది ముందు రావాలో శరీరమే నిర్ణయిస్తుంది.

మూడోది, పరీక్షలు. బీపీ, బరువు, హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), కాలేయ పరీక్ష, కొలెస్టరాల్, పరగడుపు షుగరు, ఆరంభ టెస్టోస్టిరాన్ స్థాయి సాధారణంగా చూస్తారు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారికి గర్భ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఈ మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. గర్భిణులు, అదుపులేని గుండెజబ్బు ఉన్నవారు, రక్తం ఇప్పటికే అతిగా చిక్కబడినవారు, హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే కేన్సర్ ఉన్నవారు వాడకూడదు. పీసీఓడీ, థైరాయిడ్, షుగరు వంటివి ఉంటే అడ్డు కావు; వాటిని అదుపులో ఉంచుతూ మొదలుపెడతారు. పొగతాగే అలవాటు ఉంటే మానడానికి ఇదే సమయం. టెస్టోస్టిరాన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది, పొగ కూడా అదే పని చేస్తుంది.

ఏ రూపంలో తీసుకోవాలి

మన దగ్గర ఎక్కువగా రాసేది సస్టనాన్ 250 ఇంజెక్షన్. ఒక మిల్లీలీటరులో నాలుగు రకాల టెస్టోస్టిరాన్ రూపాలు (ఎస్టర్లు) కలిసి 250 మిల్లీగ్రాములు ఉంటాయి. కొన్ని త్వరగా, కొన్ని నెమ్మదిగా రక్తంలోకి దిగుతాయి. దీన్ని సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి కండలో వేస్తారు. ఇది వేరుశనగ నూనెలో కలిపిన మందు కాబట్టి, పల్లీలు తింటే దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చేవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. ఎనాంథేట్ అన్న మరో రకాన్ని వారానికి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, లేదా రెండు వారాలకు 100 నుంచి 200 మిల్లీగ్రాములుగా ఇస్తారు. అమెరికాలో ఉన్న తెలుగువారు ఎక్కువగా వినే సిపియోనేట్ కూడా ఇదే లెక్కలో నడుస్తుంది.

దీర్ఘకాలం పనిచేసేది అన్‌డెకనోయేట్. సాధారణంగా ఆముదంలో కలిపి వచ్చే ఈ మందు ఒక్కసారికి 1000 మిల్లీగ్రాములు, నాలుగు మిల్లీలీటర్లు. మొదటి దానికీ రెండో దానికీ ఆరు వారాలు, ఆ పైన దాదాపు పన్నెండు వారాలకు ఒకటి. ఒక్కో ఇంజెక్షన్ ధర సస్టనాన్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది. అయితే ఏడాదికి నాలుగైదు సార్లు వెళితే సరిపోతుంది, స్థాయిలు ఒడుదొడుకులు లేకుండా ఉంటాయి, ఇంట్లో సిరంజిలు దాచుకోవలసిన అగత్యం ఉండదు. ఇంటివారికి ఇంకా చెప్పని యువకులకు ఈ చివరి సంగతే అన్నిటికన్నా పెద్దదిగా ఉండటం సహజం.

జెల్ రోజూ రాసుకునేది. రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు. భుజాల మీద గానీ పొట్ట మీద గానీ రాసి, ఆరనిచ్చి, చొక్కా తొడుక్కుని, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆరక ముందు మీ ఒంటికి తగిలిన పసిపిల్లలకూ ఆడవారికీ ఆ హార్మోన్ అంటుతుంది కాబట్టి, మేనకోడలిని ఎత్తుకు తిరిగే ఇంట్లో జాగ్రత్త అవసరం. సూది భయం ఉన్నవారికి జెల్ మంచి ఎంపికే గానీ మార్పులు కొంచెం మెల్లగా రావచ్చు, నెలసరి ఆగడానికీ ఎక్కువ కాలం పట్టవచ్చు. మిథైల్ టెస్టోస్టిరాన్ మాత్రల జోలికి పోవద్దు. అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. జిమ్ముల్లో చేతులు మారే సీసాలలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. ఈ మందు డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మవలసినది. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

ఇంజెక్షన్ రోజు

మొదటి కొన్ని ఇంజెక్షన్లు నర్సు చేత వేయించుకుని, ఆ తరువాత కావాలంటే మీరే వేసుకోవడం నేర్చుకోవచ్చు. ఊళ్లో ఆర్ఎంపీ చేత వేయించుకునేవారు డాక్టర్ చీటీ చూపించి, కొత్త సిరంజి మీ ఎదుటే విప్పించాలి. మందు పిరుదు కండలో పైవైపు బయటి భాగంలో గానీ, తొడ బయటివైపు మధ్యభాగంలో గానీ వేయాలి. నూనె మందు చిక్కగా ఉంటుంది కాబట్టి లావు సూదితో మందు లాగి, సూది మార్చి, సన్నపు దానితో వేస్తారు. వేసే ముందు అంపూలును అరచేతిలో కాసేపు పట్టుకుంటే నూనె పలచబడి నొప్పి తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. ప్రతిసారి పక్క మార్చండి. ఒకే సిరంజిని ఇద్దరు స్నేహితులు పంచుకోవడం ఎంత దగ్గరి వారితోనైనా తగదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ వ్యాపించే దారి అదే. వాడిన సూదిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలో ఇచ్చేయండి. చెత్తబుట్టలో వేస్తే చెత్త తీసుకెళ్లే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

అన్‌డెకనోయేట్‌ను మాత్రం ఇంట్లో వేసుకోకూడదు. నాలుగు మిల్లీలీటర్ల నూనెను దాదాపు రెండు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఎక్కించాలి; అరుదుగా కొంత నూనె రక్తనాళం ద్వారా ఊపిరితిత్తులకు చేరి, వెంటనే తెరలు తెరలుగా దగ్గు, ఆయాసం, కళ్లు తిరగడం కలుగుతాయి. అందుకే వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి.

ఏ మార్పు ఎప్పుడు వస్తుంది

ఇది రెండో యవ్వనదశ. పదమూడేళ్ల మగపిల్లవాడి ఒంట్లో నాలుగైదేళ్లలో జరిగేది ఇక్కడా దాదాపు అంతే కాలంలో జరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆరో నెలలో వచ్చే నిరాశ చాలా తగ్గుతుంది.

మొదటి వారాలలో బయటికి కనిపించేది తక్కువ. ఆకలి పెరుగుతుంది, ఒంట్లో వేడి ఎక్కువగా అనిపిస్తుంది, చెమట వాసన మారుతుంది, కామేచ్ఛ ఒక్కసారిగా పెరిగి కొందరిని కంగారు పెడుతుంది. యోనిశీర్షం పెరగడం చాలామందిలో మొదటి నెలల్లోనే మొదలై, మొదట్లో బట్ట తగిలినా సున్నితంగా నొప్పి పుట్టించి, ఏడాది రెండేళ్లలో స్థిరపడుతుంది. చర్మం జిడ్డుగా మారి, ముఖం మీదా వీపు మీదా మొటిమలు లేస్తాయి. ఒక ఏడాది వరకు పెరిగి ఆ తరువాత తగ్గుముఖం పడతాయి. మే నెల ఎండలో, రొమ్ములను అదిమి ఉంచడానికి తొడుక్కునే బిగుతు బైండర్ కింద వీపు మొటిమలు చాలా బాధిస్తాయి. బైండర్ ఎనిమిది గంటలకు మించి వేసుకోకుండా, దానితో నిద్రపోకుండా, క్రేప్ బ్యాండేజీ గానీ ప్లాస్టర్ గానీ చుట్టకుండా ఉండాలి. మొటిమలు మరీ ముదిరితే చర్మ వైద్యుడిని కలవండి. వారు ఐసోట్రెటినాయిన్ రాస్తే, అది గర్భస్థ శిశువుకు తీవ్రంగా హాని చేసే మందు కనుక మీకు గర్భాశయం ఉన్న సంగతి వారికి తెలిసి ఉండాలి.

నెలసరి సాధారణంగా ఒకటి నుంచి ఆరు నెలల్లో ఆగుతుంది. కొందరికి ముందు రోజులు తగ్గి, తరువాత చుక్కలు మాత్రమే కనిపించి, ఆ పైన నిలిచిపోతుంది. ఆరు నెలలు దాటినా వస్తుంటే మోతాదు చాలడం లేదేమో చూస్తారు, లేదా కొంతకాలం ప్రొజెస్టిన్ మాత్ర కలుపుతారు. పూర్తిగా ఆగిపోయిన చాలా నెలల తరువాత మళ్లీ రక్తం కనిపిస్తే, ఇంజెక్షన్ ఆలస్యం కాలేదని తేలితే, గైనకాలజిస్టుకు చూపించి స్కానింగ్ చేయించాలి.

గొంతు మారడం మూడు, నాలుగు నెలలకు తెలుస్తుంది. స్వరతంత్రులు మందమై, ముందు గరగర, తరువాత మాట మధ్యలో కీచుమనడం, ఆ పైన దిగడం. ఏడాది రెండేళ్లలో స్థిరపడుతుంది. ఈ మధ్యకాలంలో ఫోనులో అమ్మ ‘జలుబు చేసిందా’ అని అడుగుతుంది, మరుసటి వారం కూడా అడుగుతుంది, మూడో నెలకు ఆ జవాబు చాలదు. ఇంట్లో చెప్పే ఉద్దేశం ఉంటే గొంతు మీ తరఫున చెప్పేయక ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. పాటలు పాడేవారు ఈ కాలంలో పాత శ్రుతిలో బలవంతంగా పాడకూడదు. గొంతును కావాలని నొక్కి లావుగా మాట్లాడే అలవాటు వల్ల నొప్పి, అలసట వస్తాయి. అవసరమైతే స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాలు నేర్చుకోవడం మేలు.

ఇక గడ్డం. మొదట పొట్ట మీదా తొడల మీదా వెంట్రుకలు ముదురుతాయి, పైపెదవి మీద నూగు నల్లబడుతుంది, ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య చుబుకం మీద పలచగా మొదలవుతుంది. నిండు గడ్డం రావడానికి నాలుగైదేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఎంత వస్తుందన్నది మందు కన్నా వంశం మీద ఎక్కువ ఆధారపడుతుంది: మీ నాన్న, మేనమామలు, అన్నదమ్ముల ముఖాలు చూస్తే మీ గడ్డం ఎలా ఉండబోతుందో కొంత అంచనా వేసుకోవచ్చు. వారి నెత్తి కూడా చూడండి. బట్టతల కూడా అక్కడి నుంచే వస్తుంది. రోజూ గీస్తే గడ్డం ఒత్తుగా వస్తుందన్నది నిజం కాదు. వెంట్రుకలు పెరగడానికి మినాక్సిడిల్ రాసుకునేవారు ఉన్నారు, అది డాక్టరుతో మాట్లాడి చేయవచ్చు. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టరైడ్ మాత్రం మీరు కోరుకునే గడ్డాన్ని కూడా ఆలస్యం చేయగలదు కాబట్టి మొదటి ఏళ్లలో తొందరపడవద్దు.

తుంటి, తొడల నుంచి కొవ్వు పొట్ట వైపు మళ్లడం మొదటి ఆరు నెలల్లో మొదలై రెండు నుంచి అయిదేళ్లు సాగుతుంది. ముఖం కోణాలు తేరడం ఇందులో భాగమే. కండ పెరగడం ఆరు నెలల తరువాత తెలుస్తుంది, వ్యాయామం లేకుండా పెద్దగా రాదు. కండను ఎముకకు కలిపే స్నాయువులు కండ అంత వేగంగా బలపడవు కాబట్టి జిమ్ములో బరువులు మెల్లగా పెంచాలి. మూడు పూటలా అన్నమే తింటూ పప్పు, గుడ్డు, చేప అంతంత మాత్రంగా ఉంటే పెరిగిన ఆకలి అంతా పొట్టగానే మారుతుంది.

రాని మార్పులూ చెప్పుకోవాలి. పెద్దవయసు వచ్చాక ఎత్తు పెరగదు, తుంటి ఎముక మారదు, రొమ్ములు కొంత మెత్తబడతాయే తప్ప పోవు. దానికి శస్త్రచికిత్స ఒక్కటే మార్గం.

మనసు విషయంలో చాలామంది తేలికపడిన భావన చెబుతారు. కోపం పెరుగుతుందన్న ప్రచారం ఉన్నంత స్థాయిలో నిజం కాదు. అయితే మూడు నాలుగు వారాలకు ఒకసారి ఇంజెక్షన్ తీసుకునేవారిలో మొదటి వారం ఉత్సాహం, చివరి వారం నీరసం, చిరాకు కనిపిస్తాయి. అలా ఉంటే మొత్తం మోతాదు మార్చకుండా తక్కువ మందును తక్కువ వ్యవధిలో వేయమని అడగండి. ఏడుపు వస్తున్నట్టనిపించి రాకపోవడం కూడా చాలామంది చెప్పే మాటే.

పరీక్షలు ఎప్పుడు, రిపోర్టు ఎలా చదవాలి

మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, ఆ తరువాత ఏడాదికి ఒకటి రెండు సార్లు రక్తపరీక్ష చేయించాలి. టెస్టోస్టిరాన్ స్థాయి అంకె, రక్తం ఏ రోజున ఇచ్చారన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఎనాంథేట్ అయితే రెండు ఇంజెక్షన్ల మధ్యలో చూస్తారు, అప్పుడు డెసీలీటరుకు 400 నుంచి 700 నానోగ్రాములు ఉండాలన్నది లక్ష్యం. అన్‌డెకనోయేట్ అయితే తరువాతి ఇంజెక్షన్‌కు కొంచెం ముందు. జెల్ అయితే కనీసం వారం రోజులు క్రమంగా రాసుకున్నాక, ఆ రోజు రాసుకున్న రెండు గంటల తరువాత. సస్టనాన్ వారు ఏ రోజు ఇవ్వాలో డాక్టరునే అడిగి, ఆ తేదీని రిపోర్టు మీద రాసిపెట్టుకోండి. ఇంజెక్షన్ వేసిన మూడో రోజు పరీక్ష చేయించి, అంకె ఎక్కువ వచ్చిందని మోతాదు తగ్గించడం వంటి పొరపాట్లు తేదీ తెలియకపోవడం వల్లనే జరుగుతాయి. కొన్ని ల్యాబులు నానోమోల్ లెక్కలో ఇస్తాయి. పై లక్ష్యం ఆ లెక్కలో సుమారు 14 నుంచి 24.

టెస్టోస్టిరాన్ అంకె కన్నా నేను ముందు చూడమనేది హెమటోక్రిట్‌ను. ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడటమే ఈ మందుతో తరచుగా వచ్చే ఇబ్బంది. అది 54 శాతం దాటితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కనుక మోతాదు తగ్గిస్తారు, వ్యవధి మారుస్తారు, లేదా కొంతకాలం ఆపుతారు. పొగ, నిద్రలో గురక పెట్టి శ్వాస ఆగడం, సరిగా నీరు తాగకపోవడం దాన్ని ఇంకా పెంచుతాయి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ల్యాబు వారు మీ ఆధార్ చూసి స్త్రీ అని నమోదు చేస్తే, రిపోర్టు స్త్రీల ప్రమాణాలతో పోల్చి మీ హిమోగ్లోబిన్ ఎక్కువని ఎర్రగా చూపిస్తుంది. చికిత్స స్థిరపడ్డాక ఈ అంకెలను పురుషుల ప్రమాణంతోనే పోల్చాలి. పదిహేనేళ్లుగా రక్తహీనతతో ఉండి, నెలసరి ఆగాక హిమోగ్లోబిన్ 15కు చేరినవారు ఆ ఎర్ర గుర్తు చూసి భయపడనక్కరలేదు.

మంచి కొలెస్టరాల్ తగ్గడం, బీపీ కొంచెం పెరగడం కూడా సాధ్యమే. ఇంట్లో గుండెజబ్బు, షుగరు ఉన్నవారు వీటిని ప్రతిసారీ చూపించుకోవాలి. కాలు ఒకవైపే వాచి నొప్పి పుట్టడం, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ టెస్టోస్టిరాన్ వాడుతున్న సంగతి దాచవద్దు.

అడగడానికి మొహమాటపడే విషయాలు

టెస్టోస్టిరాన్ గర్భనిరోధకం కాదు. నెలసరి ఆగి ఏడాదైనా, వీర్యం తగిలే సంబంధం ఉంటే గర్భం రావచ్చు. కండోమ్, కాపర్-టి వంటివి ఈ మందుతో పాటు వాడుకోవచ్చు. యోని పొడిబారి మంట, సంబంధంలో నొప్పి, కొన్నిసార్లు మూత్రంలో మంట మొదటి రెండేళ్లలో మొదలవుతాయి. నీటి ఆధారిత జెల్లీతో తీరకపోతే, లోపల మాత్రమే పనిచేసే ఈస్ట్రోజెన్ క్రీము రాస్తారు. పేరు విని వెనక్కి తగ్గవద్దు, అది మీ గడ్డాన్నీ గొంతునూ ఏమీ చేయదు. కొందరికి పొత్తికడుపులో పోట్లు వస్తాయి, ముఖ్యంగా భావప్రాప్తి తరువాత; మానకపోతే చూపించుకోవాలి. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం ఆ కేన్సర్ పరీక్ష ముప్పై ఏళ్ల నుంచి మిగతావారికి చేసినట్టే మీకూ చేయాలి. గడ్డంతో గైనిక్ ఓపీ వరుసలో నిలబడటం ఎంత కష్టమో తెలిసిన డాక్టర్లు చివరి అపాయింట్‌మెంట్ ఇస్తారు. ముందుగా ఫోను చేసి అడగండి.

కాగితాలు, ఖర్చు

ముఖం, గొంతు మారుతున్నా ఆధార్‌లోనూ హాల్‌టికెట్‌లోనూ పాత ఫోటో, పాత పేరు ఉంటాయి. పోటీ పరీక్షలు రాసేవారు, విమానం ఎక్కేవారు, తాము వైద్య పర్యవేక్షణలో హార్మోన్ చికిత్స పొందుతున్నామని డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ తీసుకుని వెంట ఉంచుకోవాలి. సిరంజి, మందు తీసుకెళ్తుంటే చీటీ కూడా ఉండాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు 2019లో పార్లమెంటు చేసిన చట్టం పదిహేనో సెక్షన్ హార్మోన్ చికిత్సనూ దానికి ముందూ వెనకా కౌన్సెలింగ్‌నూ అందించడం, ఆ ఖర్చులకు బీమా కల్పించడం ప్రభుత్వ బాధ్యతలుగా పేర్కొన్నది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు వైద్యం కోసం ఒప్పందం కూడా కుదిరింది. కాగితం మీద ఉన్నదంతా కౌంటర్ దగ్గర దొరకదన్నది అందరికీ తెలిసినదే కాబట్టి, ఆరు నెలల మందుకూ పరీక్షలకూ సరిపడా డబ్బు విడిగా పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది.

ఇంజెక్షన్ తప్పితే, లేదా మందు ఆపాలనుకుంటే

ఒక వారం ఆలస్యమైతే ప్రమాదమేమీ లేదు. వీలైనంత త్వరగా వేయించుకుని, ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టండి. తప్పినదానికి బదులుగా రెండు కలిపి వేయించుకోవద్దు. త్వరగా మార్పులు రావాలని ఎక్కువ వేసుకోవడమూ అంతే: శరీరం అదనపు టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది, రక్తం మరింత చిక్కబడుతుంది, గడ్డం మాత్రం తన కాలానికే వస్తుంది.

మందు మానాలనుకునేవారికి కారణాలు రకరకాలుగా ఉంటాయి: పిల్లలు, ఆరోగ్యం, డబ్బు, కోరుకున్నంత మార్పు వచ్చిందన్న తృప్తి, మనసు మారడం. ఏ కారణమైనా డాక్టరుకు చెప్పి మానితే సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు. అండాశయాలు ఉన్నవారికి కొన్ని నెలల్లో నెలసరి తిరిగి మొదలవుతుంది, ఆ సమయంలో మనసు కుంగవచ్చు, కాబట్టి తోడు చూసుకోవాలి. అండాశయాలు తీయించుకున్నవారు మాత్రం పూర్తిగా మానకూడదు. శరీరంలో టెస్టోస్టిరాన్ గానీ ఈస్ట్రోజెన్ గానీ ఏదో ఒకటి లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. అందుకే అండాశయాలు తీయించుకునే ముందే, ఆ తరువాత జీవితాంతం హార్మోన్ వాడగలనా, ఎక్కడ దొరుకుతుంది, మధ్యలో దొరక్కపోతే ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలు శస్త్రచికిత్స చేసే డాక్టరునూ, మందు రాసే డాక్టరునూ విడివిడిగా అడిగి, జవాబులు ఆ నోటుపుస్తకంలో రాసుకోండి.